వేదిక కింద నూకరత్నం

ఆ దేశం పేరు చెప్పడం లేదు. చెబితే ఎవరు చెప్పారో, ఏ అధికారంతో చెప్పారో తేల్చమని అక్కడ ఇంకో సంఘం వేస్తారు. దానికో అధ్యక్షుడు, ఆయనకో కారు, కారు ముందో జెండా. ఎందుకొచ్చిన గొడవ! అక్కడివాళ్ళు కూడా మన తెలుగే మాట్లాడతారని మాత్రం నమ్మండి, మిగతాది నేను చూసుకుంటాను.

ఆ దేశపు రాజ్యాంగానికి వయసు మీద పడింది. ఒకసారి దుమ్ము దులిపి, ఎండలో పెట్టి, చిరిగినచోట మాసిక వేయాలని ప్రభుత్వానికి బుద్ధి పుట్టింది. ఇదివరకు ఇలాంటి పనులు పెద్దవాళ్ళు నలుగురు తలుపులేసుకుని చేసేవారు. ఈసారి అలా వీల్లేదన్నారు. ఎందుకంటే ఆ ఏడాది అందరికీ పౌర భాగస్వామ్యం పిచ్చి పట్టింది. మొక్క నాటినా పౌర భాగస్వామ్యమే, దోమల మందు కొట్టినా పౌర భాగస్వామ్యమే. అందుకని 'పౌరసహిత రాజ్యాంగ సమీక్షా మహాసమ్మేళనం' అని ఒకటి పెట్టారు. పౌరసహితం అంటే, పెద్దలతో పాటు మామూలు మనుషులు కూడా హాల్లో ఉంటారన్నమాట. ఉండి ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

మామూలు మనుషుల్ని చీటీలు తీసి ఎంచారు. ఆ చీటీల్లో తాడిగున్నలంక నూకరత్నం పేరు తగిలింది.

తాడిగున్నలంక ఏటికి నట్టనడుమ ఉంటుంది. చుట్టూ నీళ్ళు, మధ్యన మెత్తటి ఒండ్రు నేల. నూకరత్నం అక్కడ దొండ పందిళ్ళు వేసి, కాయలు కోసి, అవతలి ఒడ్డున సంతలో అమ్ముకుని బతికే మనిషి. మొగుడు పోయి చాలాకాలమైంది. కొడుకు అబ్బులు, కోడలు చక్రవేణి. కోడలికి నెలలు నిండుతున్నాయి. రాజ్యాంగం గురించి నూకరత్నానికి ఏనాడూ బెంగ లేదు. ఆవిడకున్న బెంగల్లా ఒకటే, రేవులో పడవ లేదు.

పడవ ఉండేది. కానీ జిల్లాలు విడగొట్టినప్పుడు ఎవరో మహానుభావుడు పటం మీద స్కేలు పెట్టి గీసిన గీత ఏటి వెంబడి పోయింది. లంక ఒక జిల్లాలోకి వెళ్ళింది, రేవు ఇంకో జిల్లాలోకి వెళ్ళింది. లంకవాళ్ళ కోసం తిరిగే పడవ కాబట్టి లంక జిల్లావాళ్ళే నడపాలని రేవు జిల్లావాళ్ళన్నారు. మా జిల్లాలో రేవే లేదు, రేవు లేని జిల్లాకి పడవేమిటి అని లంక జిల్లావాళ్ళు నవ్వారు. ఇద్దరి మాటా సబబుగానే ఉంది. అది తేలేదాకా పడవని ఒడ్డున బోర్లించి గొలుసేసి తాళం పెట్టారు. దానికి చెదలు పట్టింది.

కిందటి వరదల్లో నూకరత్నం పొరుగింటి పిల్ల పురిటి నొప్పులతో అరటిబోదెల తెప్ప మీద బయల్దేరింది. తెప్ప ఒడ్డు చేరింది. తల్లి బతికింది, బిడ్డ బతకలేదు. ఆ సంగతి గుర్తొస్తే నూకరత్నానికి ముద్ద దిగదు. వానలు మళ్ళీ మొదలవబోతున్నాయి, చక్రవేణి పొట్ట చూస్తే రోజురోజుకీ కిందికి జారుతోంది.

పడవ కోసం ఆవిడ రెండు జిల్లాల ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. చివరికి ఒక ఇంజనీరుగారు, భోజనానికి ఆలస్యమవుతోందన్న చిరాకులో, "అమ్మా, ఏటి మధ్య పడవ ఎవరు వెయ్యాలన్నది రాజ్యాంగంలో స్పష్టంగా లేదు" అని చెప్పి స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. ఆయన ఏదో వదిలించుకోవడానికన్న మాట అది. నూకరత్నం దాన్ని ఉడుంపట్టు పట్టింది.

అందుకే, చీటీలో పేరొచ్చిందని చెప్పడానికి వచ్చిన గ్రామాధికారి, పడవ లేక అవతలి ఒడ్డునే నిలబడి మైకులో అరిచినప్పుడు ఆవిడ ఎగిరి గంతేసినంత పని చేసింది.

"నూకరత్నమ్మా! నిన్ను రాజ్యాంగం సరిచెయ్యడానికి పట్నం రమ్మంటున్నారూ!"

నూకరత్నం నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఇవతల్నించి కేకేసింది. "అందులో పడవ రాయిత్తే రాత్తారా అండీ?"

"ఏదైనా రాస్తారంట! ముందు నువ్వు రా!"

"ఆయ్! వత్తన్నానండీ!"

అబ్బులు తెప్ప కట్టి తల్లిని దాటించాడు. "అమా, తొరగా వచ్చెయ్యే. దానికి ఎప్పుడొత్తాయో తెల్దు" అన్నాడు. "రాయించేసి వచ్చెయ్యడమేరా, ఎంతసేపు?" అని ఆవిడ బస్సెక్కింది. పాపం, ఆవిడకి సభలు తెలియవు.

* * *

ఆ దేశంలో సభంటే వేదిక. వేదిక మీద ఎవరున్నారన్నదే సంగతి, ఏం మాట్లాడారన్నది ఎవరికీ పట్టదు. పెళ్ళికి పిలవకపోయినా ఊరుకుంటారు గానీ, వేదిక మీదికి పిలవకపోతే తరతరాలు మాట్లాడుకోరు. పిలిచేటప్పుడు "వేదికను అలంకరించవలసిందిగా సాదరంగా ఆహ్వానిస్తున్నాం" అనాలి. అలా అని పిలిచాక శాలువా కప్పాలి. శాలువా పడితేనే మనిషి వేదిక మీదున్నట్టు లెక్క.

మహాసమ్మేళనం అధ్యక్షులు పసుమర్తి విశ్వంభరరావుగారు. పదవీ విరమణ చేసిన న్యాయమూర్తి. పదవి విరమించుకున్నా మాట విరమించుకోలేదు. ఆయన మైకు ముందుకొచ్చి ఒక్క వాక్యంతో కొంప ముంచారు.

"పౌరుడే ప్రభువు! సేవకులమైన మేము పైన కూర్చుని, ప్రభువులు కింద కూర్చోవడం ఈ రాజ్యాంగ స్ఫూర్తికే కళంకం. కావున ఈ మహాసభలోని పౌరులందరినీ వేదికను అలంకరించవలసిందిగా కోరుతున్నాను!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. పౌరుల్ని జిల్లాలవారీగా, పేరుపేరునా, తగిన బిరుదులతో పిలవడం మొదలైంది. బిరుదులు లేనివాళ్ళకి సభ్య కార్యదర్శి సదాశివం అక్కడికక్కడే అల్లాడు. "కొబ్బరి దింపు రంగంలో ఉన్నత శిఖరాలు అధిరోహించిన శ్రీ పల్లా గొంతెయ్య గారు!" "రజక వృత్తికి రంగు తెచ్చిన శ్రీమతి గవరమ్మ గారు!" ఎక్కినవాళ్ళకి ఎక్కినట్టే శాలువా, పూలగుత్తి, ఒక జ్ఞాపిక. వేదిక చాలక వడ్రంగుల్ని పిలిచి ముందుకి పొడిగించారు. మళ్ళీ చాల్లేదు, మళ్ళీ పొడిగించారు. మధ్యాహ్నానికి వేదిక గుమ్మం దాకా వచ్చేసింది. కింద మంచినీళ్ళ డ్రమ్ము పక్కన చాపంత చోటు మాత్రం మిగిలింది.

ఆ చోటులో, చేతిసంచి పట్టుకుని, నూకరత్నం నిలబడి ఉంది. ఆవిడని ఎవరూ పిలవలేదు. లంక మాది కాదని రేవు జిల్లావాళ్ళూ, ఆవిడ దాటొచ్చిన రేవు మాది కాదని లంక జిల్లావాళ్ళూ వదిలేశారు.

"బాబూ, నా పేరు రాలేదండి" అని ఆవిడ అటుగా పోతున్న వాడినల్లా అడిగింది. "వస్తుందమ్మా, వస్తుంది" అని వాళ్ళు పైకి ఎక్కేశారు.

విశ్వంభరరావుగారు గొంతు సవరించుకుని, "సభకు నమస్కారం" అని కిందికి చూశారు. కింద సభ లేదు.

న్యాయ సలహాదారు నిగమేశ్వరిగారు కళ్ళజోడు పైకి తోసుకుని లేచింది. చట్టం తప్ప మరో మాట మాట్లాడి ఎరగని మనిషి. "అధ్యక్షా! సభ అనగా వేదికకు ఎదురుగా, దిగువ భాగమున ఆసీనులైన వ్యక్తుల సముదాయము. అట్టి సముదాయము ప్రస్తుతము శూన్యము. సభ లేనిదే సమావేశము లేదు, సమావేశము లేనిదే మనము ఇచ్చుకొన్న సన్మానములు చెల్లవు."

చెల్లవనగానే వేదిక మీద కలకలం రేగింది. అందరూ శాలువాలు గట్టిగా కప్పుకున్నారు.

"ఎవరైనా నలుగురు దిగండి" అన్నారు అధ్యక్షులు.

ఎవరు దిగుతారు? మంత్రులు దిగరు, మర్యాద కాదు. కలెక్టర్లు దిగరు, మంత్రులు చూస్తున్నారు. పోనీ పౌరులు దిగుదామంటే, "పౌరుణ్ణి కిందికి దింపిన క్షణమే ఇది పౌరసహితము కాకుండా పోవును" అంది నిగమేశ్వరి. అప్పుడు టీ కాసేవాణ్ణీ, గేటు దగ్గర కాపలావాళ్ళనీ, కార్ల డ్రైవర్లనీ తెచ్చి కింద ఆ చాపంత చోటులో ఇరికించి కూర్చోబెట్టారు. అందరూ హమ్మయ్య అనుకునే లోపల నిగమేశ్వరి మళ్ళీ లేచింది.

"వీరు ఈ దేశ పౌరులు కారా?"

"అవుననుకోండి."

"అయితే ప్రభువులు. ప్రభువులు కింద కూర్చోవచ్చునా?"

కూర్చోకూడదు కదా! టీ అబ్బాయి మొదలుకుని అందరినీ పైకెక్కించి శాలువాలు కప్పారు. వడ్రంగులకి కూడా కప్పారు. ఆఖరి శాలువా మైకులు చూసుకునే అతనికి పడింది. సరిగ్గా అప్పుడు నూకరత్నం ఓపిక నశించి మెట్లెక్కింది.

"అయ్యగారూ, నన్ను మర్సిపోయారండి. నాది ఒకటే మాటండి, సెప్పేసి ఎల్లిపోతాను."

సదాశివం అట్టపెట్టెలు తిరగేసి చూశాడు, శాలువాలు అయిపోయాయి. ఆయన మొహం చిన్నబోయింది. నిగమేశ్వరి మొహం మాత్రం వెలిగిపోయింది.

"ఆగండి! ఈమె పౌరురాలే. కానీ శాలువా పడలేదు కాబట్టి వేదికను అలంకరించలేదు. పిలుపు కూడా అందలేదు కాబట్టి దింపినట్టు కాదు. అధ్యక్షా, ఈమే సభ!"

విశ్వంభరరావుగారు చేతులు జోడించి నూకరత్నానికి నమస్కారం పెట్టారు. "అమ్మా, తమరు దయచేసి కింద ఆసీనులు కండి."

"కూకుంటే నా మాట ఇంటారా అండి?"

"చివరలో 'సభికుల స్పందన' అని ప్రత్యేకంగా ఒక అంశమే పెట్టాం తల్లీ."

పోన్లే, కూర్చుంటేనేగా పనవుతుంది అనుకుంది నూకరత్నం. డ్రమ్ము పక్కన కుర్చీలో కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది. ఒక సంచి శాలువాలు ఆ సాయంత్రమే వచ్చాయి, కానీ ఆవిడకి కప్పుదామని ఎవరూ అనలేదు. కప్పితే సభ ఎగిరిపోతుంది, సన్మానాలు పోతాయి. ఎవరికి కావాలి?

* * *

అధ్యక్షులవారు ప్రారంభోపన్యాసం మొదలుపెట్టారు. రాజ్యాంగమంటే దేశానికి వెన్నెముక అన్నారు, కాసేపటికి గుండెకాయ అన్నారు, మరికాసేపటికి రక్తనాళాల్లోకి దిగారు. "ఈ నాలుగు మాటలతో ముగిస్తున్నాను" అని ఒకసారి ఆగారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వేదిక మీదివాళ్ళు కొట్టకూడదు, వాళ్ళు సభ కాదు. కింద నూకరత్నానికి రెండు చేతులా సంచి ఉంది, మనసంతా లంకలో ఉంది.

చప్పట్లు పడకపోతే ఉపన్యాసం ముగిసినట్టు కాదు. ఆయన మళ్ళీ మొదలెట్టారు. మళ్ళీ ముగించారు. మళ్ళీ నిశ్శబ్దం. ఆయన నాలుక పీక్కుపోతోంది, వెనక మాట్లాడాల్సినవాళ్ళు వరసలో నిలబడి గుటకలు మింగుతున్నారు. చివరికి సదాశివం దిగొచ్చి నూకరత్నం చెవి దగ్గర వంగాడు.

"అమ్మా, కొంచెం కరతాళధ్వనులు."

"ఏటండీ?"

"చప్పట్లమ్మా, చప్పట్లు! ప్రతి అంశాన్నీ సభ హర్షధ్వానాలతో ఆమోదించాలి. అప్పుడే రాజ్యాంగంలోకి వెళ్తుంది."

నూకరత్నం ఆయన మొహంలోకి చూసింది. పైనున్న మొహాలన్నింటివంకా చూసింది. ఆవిడకి మెల్లగా ఎక్కింది.

"అంటే, నేను కొడితేగానీ మీ పనవ్వదన్నమాట."

"సూక్ష్మంగా చెప్పాలంటే అంతే."

"అయితే ముందు పడవ సంగతి తేల్చండి."

సదాశివం పైకెళ్ళి ఆ మాట చేరవేశాడు. పెద్దలంతా తలలు దగ్గర చేర్చి మంతనాలు చేశారు. విశ్వంభరరావుగారు మైకులో అన్నారు, "అమ్మా, తమ ఆవేదన మా హృదయాలను కలచివేసింది. అయితే రాజ్యాంగం వంటి మహోన్నత గ్రంథంలో పడవ వంటి చిల్లర పదాలు వాడరు. 'జలావృత ప్రాంతవాసుల సమతుల్య సంచార స్వేచ్ఛ' అని చేర్చుతాం. చప్పట్లు!"

"అది ఏట్లో తేల్తాదా అండీ?" అంది నూకరత్నం.

పైన ఎవరో కిసుక్కున నవ్వి, పక్కవాళ్ళు చూసేసరికి దగ్గులా సర్దుకున్నారు. టీ కాసే అతను, పొద్దున్నదాకా గేటు దగ్గర గ్లాసులు కడిగిన మనిషి, ఇప్పుడు శాలువా భుజం మీదికి ఎగదోసుకుని ముందుకొచ్చాడు. "ఇదిగో అమ్మా, సభా మర్యాద అన్నది ఒకటుంటుంది. ఇంతమంది పెద్దలం మేం ఇక్కడ దేశం గురించి కూర్చుంటే, నువ్వు పడవ పడవ అంటావేంటి? విశాల దృక్పథం ఉండాలి."

నూకరత్నానికి ఒళ్ళు మండింది. "ఏంబాబూ, పొద్దున నా పక్కన నించుని, మీ వీధిలో కుళాయి లేదని ఏడిసింది నువ్వు కాదూ?"

అతను శాలువాలో మొహం దాచుకుని వెనక్కి తగ్గాడు.

అప్పుడే సంచిలో ఫోను మోగింది. అబ్బులు. గాలీ వానా హోరులో మాట సగం వినపడుతోంది, సగం వినపడటం లేదు.

"అమా! దీనికి నొప్పులొచ్చేత్తన్నాయే! ఏరు పొంగి ఒడ్డెక్కేసింది. తెప్ప ఎయ్యడానికి లేదు. ఏం సెయ్యమంటావే అమా?"

నూకరత్నానికి కళ్ళముందు ఆ పొరుగింటి పిల్ల, తడిసిన తెప్ప, పాతబట్టలో చుట్టిన ఆ చిన్న మూట కనపడ్డాయి. ఆవిడ దిగ్గున లేచి నిలబడింది. గొంతు పగిలేలా అరిచింది.

"మీకు దండం పెడతానండి! నా కోడలు సచ్చిపోద్ది! పడవ ఎయ్యండి! పడవ మా రేవులో దిగేదాకా ఈ సేతులు కలవ్వండి. పొద్దున్నదాకా మాట్లాడుకోండి, వచ్చే ఏడుదాకా మాట్లాడుకోండి, నేను కొట్టను!"

హాలంతా గప్‌చిప్ అయిపోయింది. జాలితో కాదు. వచ్చే ఏడాదిదాకా అన్న మాట అందరికీ గుచ్చుకుంది. భోజనాలు చల్లారిపోతున్నాయి.

అదృష్టవశాత్తూ రెండు జిల్లాల కలెక్టర్లూ వేదిక మీదే, పక్కపక్క కుర్చీల్లోనే ఉన్నారు. అధ్యక్షులు వాళ్ళవైపు తిరిగారు. "సదరు పడవ మా పరిధిలోకి రాదని సవినయంగా మనవి" అన్నాడొకాయన. "మా పరిధిలోకి అసలే రాదని అంతకన్నా సవినయంగా మనవి" అన్నాడు రెండో ఆయన.

దారి చూపించింది మళ్ళీ నిగమేశ్వరే. "పడవ ఈ జిల్లాది కాక, ఆ జిల్లాది కాక, సమ్మేళనముదే అయినచో?"

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. 'సమ్మేళన పడవ' అని అక్కడికక్కడే తీర్మానించారు. పాత పడవ చెదలు తినేసింది కాబట్టి, దిగువన షికార్లకి తిప్పే ఒక మోటారు పడవని ఆగమేఘాల మీద పంపించారు. దానికి ముందువైపు హంస తలకాయ ఉంటుంది, రాత్రిళ్ళు కళ్ళు ఎర్రగా వెలుగుతాయి. హంసైతేనేం, గాడిదైతేనేం, ఏట్లో నడిస్తే చాలు.

నూకరత్నం కుర్చీలో కూలబడి ఫోను చూస్తూ కూర్చుంది. పైన అధ్యక్షులు గొంతు తగ్గించి దేశపు రక్తనాళాల గురించి ఇంకా చెబుతూనే ఉన్నారు. ఆపితే ప్రసంగం చప్పట్లు లేకుండా ముగిసినట్టు అర్థం వస్తుందని ఆయన భయం. ఆవిడకి ఒక్క ముక్క వినపడలేదు. ఊళ్ళో దేవతలందరికీ మొక్కేసింది, ఆఖరికి ఆ హంసకి కూడా మొక్కింది.

చాలాసేపటికి ఫోను మోగింది. అబ్బులు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

"అమా! హంస పడవొచ్చిందే! ఆస్పత్రికి తెచ్చేశాం. ఆడపిల్లే! ఇద్దరూ బానే ఉన్నారు. అచ్చం నీ పోలికేనే అమా!"

నూకరత్నం భోరుమంది. ఏడుస్తూనే నవ్వింది. ఫోను పడేసిన సంచి ఒళ్ళోంచి జారి కింద పడింది, రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. ఆనందం పట్టలేక చేతులు రెండూ పైకి లేచాయి. వేదిక మీద మూడు నాలుగొందల మంది ఒక్కసారి ముందుకు వంగారు.

ఏం తోచిందో ఏమో, చేతులు కలవబోయే ముందు ఆవిడ ఆగింది.

"ఇంక ఆ పడవ మా రేవులోనే ఉండిపోద్ది కదండీ?"

సదాశివం మెట్లు దిగుతూ మధ్యలోనే ఆగిపోయాడు. "అది సమ్మేళన పడవ కదమ్మా. సమ్మేళనం ఉన్నంతకాలం నిక్షేపంగా తిరుగుతుంది."

"నేను చప్పట్లు కొడితే?"

"సమ్మేళనం దిగ్విజయంగా ముగుస్తుంది."

"మరి పడవ?"

"ముగిసిన సమ్మేళనానికి పడవ ఎలా ఉంటుందమ్మా? చట్టం ఒప్పుకోదు. అయితే మీ విషయాన్ని సానుభూతితో పరిశీలించడానికి నిపుణుల ఉపసంఘం..."

నూకరత్నం ఆ మాట పూర్తిగా వినలేదు. గాల్లో ఉన్న చేతులవంక చూసుకుంది. లంకలో ఇంకా ముగ్గురు కడుపుతో ఉన్నారు. పాము కరిచినవాళ్ళు, జ్వరాలొచ్చినవాళ్ళు, అవతలి ఒడ్డు బడికి పోవాల్సిన పిల్లలు ఉన్నారు. ఆవిడ చేతులు రెండూ దించేసి, చెరో తొడ కిందా పెట్టుకుని, వాటి మీద కూర్చుంది.

* * *

సమ్మేళనం సాగుతూనే ఉంది. విశ్వంభరరావుగారి ప్రారంభోపన్యాసం ప్రపంచంలోకెల్లా దీర్ఘమైనదని బయటి దేశాలవాళ్ళు వచ్చి చూసి మెచ్చుకుని వెళ్ళారు. వాళ్ళు పౌరులు కాదు గనక కింద కూర్చోబెట్టి చప్పట్లు కొట్టిద్దామని సదాశివం ఆశపడ్డాడు గానీ, పరాయివాళ్ళ ఆమోదంతో రాజ్యాంగం మారితే సార్వభౌమత్వం ఏం కాను అని నిగమేశ్వరి గుడ్లురిమింది. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు. వేదిక మీదివాళ్ళు మొదట్లో విసుక్కున్నారు, తర్వాత అలవాటుపడ్డారు. మూడుపూటలా భోజనం, భుజాన శాలువా, రోజూ పేపర్లో పేరు. ఇంటికెళ్ళి చేసేదేముంది?

నూకరత్నం పగలు కుర్చీలో, రాత్రి హాలు పక్కనున్న గదిలో కాలం గడిపింది. సభ లేచి వెళ్ళిపోతే సమ్మేళనం రద్దు, పడవ రద్దు. అందుకని మనవరాలి పురుడుకి వెళ్ళలేదు, బారసాలకి వెళ్ళలేదు. ఉయ్యాల్లో వేసినరోజు అబ్బులు ఫోనులో పాట వినిపిస్తే, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దొండ పందిళ్ళు ఎలా ఉన్నాయో తెలియదు. ఎవరైనా ఓదార్చబోతే మాత్రం, "నాకేటండీ, కుర్సీలో కూకుని ఉపన్యాసం ఇంటన్నాను, మారాణిలా" అనేది. చేతుల మీద దోమ వాలినా ఒక్క చేత్తోనే తోలుకునేది. రెండు చేతులూ కలిపే పని ఏదీ పెట్టుకునేది కాదు. దేవుడికి దండం కూడా తలొంచి పెట్టేది.

పిల్ల కూర్చోవడం నేర్చాక అబ్బులు, చక్రవేణి దాన్ని ఎత్తుకుని హంస పడవలో ఏరు దాటి, బస్సెక్కి వచ్చారు. గేటు దగ్గర అబ్బులుకీ చక్రవేణికీ శాలువాలు కప్పి వేదిక మీదికి లాక్కెళ్ళారు, నియమం ప్రకారం. చంటిదానికి కప్పబోతే అది శాలువా పీకి పారేసి గుక్కపట్టింది. చేసేది లేక తెచ్చి నాయనమ్మ ఒళ్ళో పడేశారు.

నూకరత్నం దాన్ని గుండెకి హత్తుకుంది. జుట్టు వాసన చూసింది, అరికాళ్ళు ముద్దుపెట్టుకుంది. "ఓసి నా తల్లే! ఓసి నా బంగారమే! నిన్ను సూడకుండానే పోతాననుకున్నానే!" అని వలవలా ఏడ్చింది. పిల్ల ఏడుపు మానేసి ఆవిడ ముక్కుపుడక పట్టుకు లాగింది. అన్నాళ్ళకి నూకరత్నం పకపకా నవ్వింది.

తర్వాత పిల్ల తల తిప్పి వేదికని చూసింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, జరీ అంచుల శాలువాలు వరసలు వరసలుగా మెరుస్తున్నాయి. దానికి భలే సరదా వేసింది. కిలకిలా నవ్వి, అమ్మ కొత్తగా నేర్పిన విద్య గుర్తొచ్చి, బుల్లి చేతులు రెండూ చాచింది.

నిగమేశ్వరి దిగ్గున లేచింది. "అధ్యక్షా! శిశువు దిగువ భాగమున ఉన్నది! శాలువా పడలేదు! శిశువు కూడా సభయే!"

విశ్వంభరరావుగారు ఇన్ని నెలల్లో మొదటిసారి మాట ఆపారు.  "కొట్టమ్మా, కొట్టు! చప్పట్లు, చప్పట్లు!" అని సదాశివం మోకాళ్ళ మీద కూర్చుని బుజ్జగించాడు. పైనుంచి చక్రవేణి మాత్రం, శాలువా జారిపోతున్నా చూసుకోకుండా, "కొట్టనియ్యకు, అత్తా!" అని కేక పెట్టింది.

చిన్న అరచేతులు దగ్గరికొచ్చాయి. నూకరత్నం చటుక్కున అందుకుని రెండింటినీ చెరో గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"వద్దమ్మా, నా తల్లి కదూ. సప్పట్లు కొట్టకూడదే. సాయంత్రం మీరు ఇంటికెల్లాలి, ఏరు దాటాలి."

పిల్ల బెదిరిపోయి చేతులు గుంజుకుంటూ ఏడుపు లంకించుకుంది. నూకరత్నం తనూ ఏడుస్తూనే ఉంది గానీ, ఆ చేతులు వదల్లేదు.